ఒకే నంబరుకు నలభై మెసేజులు

మెసేజులు పంపడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా చెల్లెలు ఇప్పటికీ నన్ను ఎగతాళి చేస్తుంది. మీట నొక్కితే పోయేదానికి నీకు జీతం ఎందుకిచ్చారే అంటుంది. నవ్వి ఊరుకుంటాను. కానీ మొన్న ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడికి పోయినప్పుడు ఊరుకోలేకపోయాను. కౌంటర్లో అమ్మాయి నా బిల్లు కొడుతూ, "నంబరు చెప్పండి మేడమ్" అంది. "ఎందుకమ్మా?" అన్నాను. "ఆఫర్లు వస్తాయి" అంది. "నాకు కావాలని నేను చెప్పానా?" అన్నాను. బిక్కమొహం వేసింది. పాపం, ఆ పిల్లది తప్పు కాదు, దానికెవరూ చెప్పలేదు. నాకూ ఎవరూ చెప్పలేదు. దెబ్బ తిని నేర్చుకున్నాను. ఈ పనికి కొత్తగా వచ్చే పిల్లలు ఆ దెబ్బ తినకూడదని ఇది రాస్తున్నాను.

నా పేరు సుగుణ. మాది కమలాపురం. మా నాయన మిషన్ బడిలో అయ్యవారు. టైపు నేర్చుకుని ప్రొద్దుటూరులో ఒక పెద్ద బట్టల అంగడిలో బిల్లులు రాసే పనికి చేరాను. అక్కడే తల నెరిసింది, అక్కడే రిటైరయ్యాను. జమ్మలమడుగులో, పులివెందులలో కూడా మా అంగడికి శాఖలుండేవి. యజమానిని అందరం శెట్టిగారు అనేవాళ్ళం. ప్రమోషన్లు, సన్మానాలు, శాలువాల సంగతి రాయను. అవి చదివి బాగుపడినవాళ్ళెవరూ లేరు.

పదహారు సిమ్ముల డబ్బా

సెల్‌ఫోన్లు పల్లెలకు పాకుతున్న రోజులు. శెట్టిగారు హైదరాబాదు పోయి వచ్చి, "సుగుణా, ఆడ అంగళ్ళోళ్ళందరూ ఫోన్లకు మెసేజులు కొడతాండారు. మనమూ కొట్టాల" అన్నారు. గోడరాతలు, కరపత్రాలు, ఆటోలో మైకు, ఇవన్నీ తప్పిపోతాయని ఆయన సంబరం. బిల్లు రాసేటప్పుడు పేరు, ఊరు, ఫోన్ నంబరు అడిగి కంప్యూటర్లో ఎక్కించే పని నాకు అప్పజెప్పారు.

చట్టం అప్పటికే ఉంది. ప్రకటనల మెసేజులు పంపాలంటే నమోదైన సంస్థ ద్వారానే పంపాలి. ఇలాంటివి నాకు వద్దు అని ముందే చెప్పుకున్నవాళ్ళ జాబితా ఒకటుంటుంది, దాన్నే డీఎన్‌డీ అంటారు. మన జాబితాలోంచి ఆ నంబర్లు తీసేశాకే మీట ముట్టుకోవాలి. రాత్రిపూట జనాన్ని విసిగించకూడదు. కడప నుంచి ఒక కంపెనీ అతను వచ్చి ఇవన్నీ ఓపికగా చెప్పాడు. శెట్టిగారు అతని రేటు విని, కాఫీ ఇప్పించి సాగనంపారు. ఆ వారంలోనే ఇంకెవరో వచ్చి పదహారు సిమ్ములు పట్టే డబ్బా ఒకటి అంటగట్టాడు. మామూలు సిమ్ములు పెట్టుకుని ఎన్నైనా కొట్టుకోవచ్చునట, ఎవరినీ అడగనక్కర్లేదట.

"చట్టం పెద్ద పెద్ద కంపెనీలోళ్ళకు. మనకేంటికి?" అన్నారు శెట్టిగారు నవ్వుతూ.

నేను కూడా నవ్వాను. ఆయన మీదికి నెట్టి తప్పించుకోను. నాకు ఆ డబ్బా మీద భలే మోజు. పచ్చదీపాలు మినుకుమినుకుమంటూ వందల మెసేజులు పోతుంటే, కడప కలెక్టరు కూడా నా ముందు దిగదుడుపే అనుకునేదాన్ని.

ఇక్కడ మా వైపు జనం నంబరు ఇచ్చే పద్ధతి చెప్పాలి. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. అప్పట్లో సిమ్ములు చవక. నెలకొకటి మార్చేవాళ్ళు, ఎవరి నంబరు వాళ్ళకే గుర్తుండేది కాదు. ఊళ్ళో తమ వర్గానికి పెద్ద అయిన మనిషి నంబరు మాత్రం ఏళ్ళ తరబడి మారదు, అందరికీ నోటికొచ్చు. అందుకని బ్యాంకులో అడిగినా, ఆసుపత్రిలో అడిగినా, గ్యాసు ఆఫీసులో అడిగినా ఆ నంబరే చెప్పేవాళ్ళు. ఎవరైనా ఫోన్ చేస్తే అన్న మాట్లాడతాడు, అన్న మాట్లాడితే పనవుతుంది. మా అంగడిలోనూ అదే చెప్పారు, నేను అదే ఎక్కించాను. ఒకే నంబరు ఇన్నిసార్లు ఎందుకొస్తోందని ఒక్కసారైనా తలెత్తి అడగలేదు. నా ఉద్యోగంలో అంతకంటే పెద్ద మొద్దుతనం ఇంకోటి లేదు.

జమ్మలమడుగు దాటాక ఒక ఊళ్ళో అట్లాంటి పెద్ద ఒకాయన ఉండేవాడు. పేరు రాయను. జనం అన్న అనేవాళ్ళు, నేనూ అట్లాగే రాస్తాను. ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఒక పార్టీకి ఆ చుట్టుపక్కల ఓట్లన్నీ ఆయన చేతిలో ఉండేవి. ఆ ఉగాదికి చీరల తగ్గింపు పెట్టి, ఒక పొద్దున పదకొండు గంటలకు నేను మీట నొక్కాను. ప్రతి మెసేజులో కొన్నవాళ్ళ పేరు, ఏ శాఖలో ఏం కొన్నారో కూడా వచ్చేట్టు నా తెలివంతా ఉపయోగించి పెట్టాను. కస్టమరు మురిసిపోతాడని నా లెక్క.

సరిగ్గా అప్పుడు అన్న ఇంట్లో జిల్లా నుంచి వచ్చిన పార్టీ పెద్దలు కూర్చుని ఉన్నారు. టేబులు మీద ఆయన సెల్లు మోగడం మొదలుపెట్టింది. ఆగదే! నలభై మెసేజులు, నలభై పేర్లతో, అన్నీ చీరల గురించే. "ఏందప్పా, పార్టీ ఇడిచిపెట్టి చీరల యాపారం బెడ్తాండావా?" అని ఒక పెద్దమనిషి నవ్వాడట. నలుగురూ నవ్వారట. ఫ్యాక్షన్ ఊళ్ళో పెద్దను అతని ఇంట్లోనే నవ్వులపాలు చేస్తే ఏమవుతుందో నేను వివరించక్కర్లేదు.

"నన్నడిగినావా?"

మధ్యాహ్నం అన్న నుంచి అంగడికి ఫోన్ వచ్చింది. "ఆ మెసేజులు కొట్టిండేదెవురో రేపు పొద్దునకు నా ముందరుండాల." అంతే, పెట్టేశాడు. శెట్టిగారి మొహం పాలిపోయింది. "నాకు బీపీ ఉండాది సుగుణా, నువ్వు పోయి రా. ఆడమనిషివి, ఏమీ అనడులే" అన్నారు. ఇరవై ఏళ్ళు ఆయన దగ్గర పనిచేసినదాన్ని. ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు.

మరుసటి పొద్దున అంగడి కారులో పోయాను. దారి పొడుగునా నాకు వచ్చిన కీర్తనలన్నీ మనసులో పాడుకున్నాను. వసారాలో అన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చుట్టూ పదిమంది మగవాళ్ళు నిలబడి ఉన్నారు.

"నువ్వేనామ్మా మెసేజులు కొట్టేది?"

"నేనేనన్నా. తప్పయింది."

"నా నంబరు నీకెవురిచ్చిరి?"

"మీ ఊరోళ్ళే ఇచ్చినారన్నా."

"వాళ్ళిస్తే? ఫోను వాళ్ళదా, నాదా? మెసేజులొద్దని నా కూతురు ఏడాది కిందటే రాపిచ్చింది. నన్నడిగినావా?"

అడగలేదు. పిల్లలూ, ఈ ఉద్యోగానికి సంబంధించి తరువాత ఎన్నో శిక్షణలకు పోయాను. పంపేవాళ్ళ పేరు నమోదు చేయాలని, మెసేజులో మాటలు ముందుగా చూపించి అనుమతి తీసుకోవాలని ఎన్నో చెప్పారు. అన్నీ అవసరమే. కానీ చట్టం మొత్తం ఆయన అడిగిన ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. నంబరు ఇచ్చినవాడు వేరు, నంబరు ఉన్నవాడు వేరు. సరే అనాల్సింది ఉన్నవాడు.

ఆయన సెల్లు నా చేతికిచ్చి, "చదువు. నా నంబరు ఎవురెవురు వాడుకున్న్యారో అందురూ ఇనాల" అన్నాడు. ఒక్కొక్క మెసేజూ పైకి చదవసాగాను. నిలబడినవాళ్ళలో తన పేరు వచ్చినవాడల్లా తల దించుకున్నాడు. "నువ్వు కూడానా రా?" అని అన్న మధ్యమధ్య మూలుగుతుంటే నాకు ఆ భయంలోనూ నవ్వొచ్చింది. అట్లా చదువుతూ చదువుతూ, "సుబ్బరాయుడు గారూ, మా ప్రొద్దుటూరు అంగడిలో పోయిన నెల పట్టుచీర కొన్నందుకు" అన్నాను.

వసారాలో దించుకున్న తలలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి.

ఎందుకో నాకు అప్పుడు తెలియదు. వాళ్ళ మాటల్లోనే తెలిసింది. సుబ్బరాయుడు ఆ ఊరివాడే, అన్న దగ్గర పెరిగినవాడు. ఏడాది కిందట అవతలి పార్టీలో చేరి, పెళ్ళాం బిడ్డలతో ఊరు విడిచిపోయాడు. ఈ ఎన్నికల్లో ఈ ఊరి పోలింగు బూతులోనే అవతలి పార్టీ తరఫున ఏజెంటుగా కూర్చోబోతున్నాడు. ఎక్కడున్నాడో వీళ్ళు వెతకని చోటు లేదు. మనిషి అన్నను విడిచిపోయాడు గానీ, నంబరు అడిగితే పాత అలవాటు కొద్దీ నోటికి అన్న నంబరే వచ్చింది.

"ప్రొద్దుటూర్లో ఉండాడన్నమాట" అన్నాడు అన్న నెమ్మదిగా. "నిన్ను ఇడిచిపెడ్తా పోమ్మా. నీ అంగడి జోలికీ రాను. వాని ఇల్లు యాడో చెప్పిపో."

నాకు ఆ ఇల్లు తెలుసు. ఆ చీరకు ఫాల్ కుట్టించి ఇంటికి పంపింది మేమే, చిరునామా రాసిన చీటీ నా బల్ల సొరుగులోనే ఉంది. సగం గుట్టు నా తెలివితక్కువ మెసేజే బయటపెట్టేసింది. మిగిలిన సగం నా నాలుక మీద ఉంది. చెబితే సుబ్బరాయుడు ఎన్నికల దాకా బతికి ఉంటాడో లేదో తెలియదు.

అన్న శెట్టిగారికి ఫోన్ కలిపి నా చెవి దగ్గర పెట్టాడు. "చెప్పేసి బయటపడు సుగుణా! మనకేంటికి వాళ్ళ గొడవ? అంగడి తగలబెడతారు!" అని శెట్టిగారు ఏడుపు గొంతుతో అన్నారు. ఫోన్ తిరిగి అన్నకిచ్చేశాను.

తెలియదు అని అబద్ధం చెప్పి ఉండవచ్చు. చెప్పాలనిపించలేదు. అబద్ధం చెబితే ఆయన నమ్మడు, నేనూ నిలబడలేను.

"నాకు తెలుసన్నా. చెప్పను."

"ఏంది?"

"చెప్పనన్నా. మీ నంబరు మిమ్మల్నడక్కుండా వాడినానని కదా నన్ను పిలిపించినారు? ఆయప్ప అడ్రెస్సు ఆయప్పనడక్కుండా మీకెట్లా ఇస్తాను? మీ ఇంట్లో ఆడోళ్ళు మా జమ్మలమడుగు అంగడికి ఎప్పుడొస్తారో, ఏ కార్లో వస్తారో, కూడా ఎవరొస్తారో అది కూడా నాకు తెలుసు. రేపు మీ అవతలి వర్గమోళ్ళు ఇట్లే ముందర నిలబెట్టి అడిగితే, చెప్పమంటారా?"

పక్కన నిలబడినవాడు ఒకడు "ఏయ్" అంటూ ముందుకొచ్చాడు. నేను వెనక్కి జరగలేదు. దేవుడి దయ అంటాను నేను. మా చెల్లెలు మొండితనం అంటుంది.

అంతలో తలుపు దగ్గర నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. అన్న భార్య. ఎంతసేపటి నుంచి వింటోందో.

"ఆయమ్మను పంపిచ్చు. నేనూ నా బిడ్డా ఆ అంగడికి పోతాండాము. మా సంగతి ఎవురికీ చెప్పదని నాకిప్పుడు తెలిసినాది. నువ్వు ఇప్పుడు దాని నోరు తెరిపిస్తే, రేపు ఇంగొకడు తెరిపిస్తాడు."

అన్న చేత్తో అందరినీ వెనక్కి పొమ్మన్నాడు.

"సరే. ఇంగ నా నంబరుకు ఒగ్గ మెసేజు రాకూడదు."

"రాదన్నా."

"మా ఊరోళ్ళ నంబర్లు నీకు కావాలంటే, ఒగొగుర్ని నువ్వే పొయ్యి అడుక్కో. నాకు సంబంధం లేదు."

పాల కేంద్రం దగ్గర బల్ల

మనిషి చావు తప్పించుకుని వస్తే ఏం చేస్తుంది? నేరుగా ఇంటికి పోతుంది. నేను పోలేదు. ఆయన అన్న చివరి మాటను అనుమతిగా తీసుకుని, ఆ ఊరి పాల కేంద్రం దగ్గర బల్ల మీద కూర్చుని, కారులో ఉన్న బిల్లు పుస్తకం వెనక అట్ట మీద గీతలు గీశాను. పేరు, సొంత నంబరు, మెసేజు కావాలా వద్దా, సంతకం. పాలు పోయడానికి వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే అడిగాను.

"ఊరికే వస్తాయా, దుడ్లు పడతాయా?" అని ఒక ముసలాయన అడిగాడు. "నా నంబరు యాడుందో నా కొడుక్కే తెలీదు" అని ఇంకొకాయన. ఒక ఆడమనిషి మాత్రం నడుం మీద చెయ్యేసుకుని, "ఇన్నాళ్ళూ నా చీర సంగతి అన్నకు తెలస్తాండిందా? సిగ్గు లేదూ మీకు!" అని నన్ను కడిగి ఆరేసింది. ఆమె చెప్పిందాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. సగానికి సగం మంది వద్దన్నారు. వాళ్ళ పేర్ల ఎదుట వద్దు అని రాసుకున్నాను. ఆ 'వద్దు' కూడా జాగ్రత్తగా దాచుకోవలసిన కాగితమేనని నాకు ఆ బల్ల మీదే అర్థమైంది.

ప్రొద్దుటూరు చేరగానే అంగడికి పోలేదు. చీటీలోని చిరునామా గుర్తు తెచ్చుకుని సుబ్బరాయుడి ఇంటికి పోయాను. తలుపు కొద్దిగా తెరిచాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి, గడ్డం పెరిగి ఉంది. జరిగిందంతా దాచకుండా చెప్పాను. "నువ్వు ప్రొద్దుటూర్లో ఉన్నావని నా మెసేజు వల్లే తెలిసిపోయింది. ఇల్లు మాత్రం చెప్పలేదు. వేరే చోటికి మారిపో నాయనా. తప్పు నాది" అన్నాను. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "ఆ నంబరు నేనే ఇచ్చింటినా?" అని తనలో తను అనుకుంటూ తల పట్టుకున్నాడు. ఆ సాయంత్రమే ఇల్లు ఖాళీ చేశాడు.

శెట్టిగారు మొదట నన్ను పనిలోంచి తీసేస్తానన్నారు. అంగడి తగలబడుతుందని మూడు రోజులు షట్టరు సగమే ఎత్తారు. నాలుగో రోజు మా జమ్మలమడుగు శాఖ ముందు రెండు జీపులు ఆగాయి. అన్న భార్య, ఆమె వెనక ఊళ్ళోని ఆడవాళ్ళు ఇరవై మంది దిగారు. ఇంటి పెళ్ళికి బట్టలట. "నోరు భద్రమైన అంగడిది" అందట ఆమె లోపలికి వస్తూనే. ఆ శాఖ నుంచి ఫోను రాగానే శెట్టిగారికి ఈ సంగతి నేనే చెప్పాను. "డబ్బా ఎత్తి పారేద్దామా సుగుణా?" అన్నారు. నేనే మేడమెట్ల మీద నుంచి దాన్ని మోసుకొచ్చి పాత సామాన్లవాడికి వేశాను. కడప కంపెనీ అతన్ని పిలిపించి పద్ధతిగా నమోదు చేసుకున్నాం.

రెండేళ్ళు నేనూ నా పుస్తకాలూ పులివెందుల నుంచి జమ్మలమడుగు దాకా తిరిగాం. మెసేజులోంచి పేర్లు తీసేశాను, ఏం కొన్నారన్నది తీసేశాను. ఆపమంటే ఆ రోజే ఆపాను. జాబితా మూడింట ఒక వంతుకు పడిపోయింది. పక్క అంగడివాళ్ళు నన్ను చూసి నవ్వేవాళ్ళు. తరువాత నిబంధనలు గట్టిపడి, పంపే పేరూ పంపే మాటలూ ముందే నమోదు చేయాలని, అనుమతి రుజువు చూపించాలని వచ్చినప్పుడు, ఆ నవ్వినవాళ్ళ మెసేజులన్నీ పెళ్ళిళ్ళ కాలంలో నిలిచిపోయాయి. మావి ఒక్కటీ ఆగలేదు. ఆ వారం శెట్టిగారు అంగడంతా తిరుగుతూ, "మా సుగుణ పుస్తకాలు" అని వచ్చినవాళ్ళందరికీ చూపించారు. పుస్తకాలు మూసి పెట్టండి శెట్టిగారూ, వాటిలో జనం నంబర్లుంటాయి అని కసిరాను. దొంగలాగా మూసేశారు. నా జీవితంలో అంత తృప్తి ఎప్పుడూ లేదు.

సుబ్బరాయుడు

ఆ ఎన్నికలనాడు సుబ్బరాయుడు ఆ ఊరి బూతులో పొద్దున నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాడు. పోలీసులు బాగానే ఉన్నారు, ఏమీ జరగలేదు. ఎవరు గెలిచారో ఇక్కడ అనవసరం.

ఫలితాలు వచ్చిన కొన్ని వారాలకు ఆయన భార్యతో అంగడికొచ్చాడు. గడ్డం తీసేసి, తెల్లచొక్కా వేసుకుని ఉంటే మొదట గుర్తుపట్టలేదు. బిల్లు అయ్యాక నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"చీర ఫాల్ కుట్టినాక ఫోన్ చెయ్యల్ల గదక్కా. నంబరు రాసుకో."

చెప్పాడు. ఈసారి తన నంబరే. ఒక్కొక్క అంకె ఆగి ఆగి చెప్పాడు, రెండు మూడు నెలల కిందట నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు. నేను రాసుకుని, పుస్తకం ఆయన వైపు తిప్పాను.

"దీనికి మా తగ్గింపుల మెసేజులు పంపమంటావా నాయనా?"

ఆయన కాసేపు 'కావాలా వద్దా' అన్న గడి వైపే చూశాడు. భార్య, "పంపమను, మంచి చీరలొస్తే తెలస్తాది" అంది. ఇన్నేళ్ళలో ఆ మనిషిని ఎవరైనా ఏదైనా కావాలా వద్దా అని అడిగారో లేదో నాకు తెలియదు.

"వద్దక్కా."

వద్దు అని రాశాను. సంతకం పెట్టమన్నాను. పెట్టాడు. పెట్టి, ఇంకా అక్కడే నిలబడ్డాడు.

"అంతేనా? ఏంటికొద్దంటాండావని అడగవా?"

"అడగనప్పా. నువ్వు వద్దన్నావు, నేను రాసుకున్నాను. అయిపోయింది."

నమ్మకం కలగనట్టు నా మొహంలోకి చూశాడు. తరువాత నవ్వడం మొదలుపెట్టాడు. మెల్లగా కాదు, అంగడంతా తిరిగి చూసేట్టు, భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుపడేట్టు నవ్వాడు. నేనూ నవ్వాను. నేను రిటైరయ్యే రోజు దాకా ఆ నంబరుకు మా అంగడి నుంచి ఒక్క మెసేజు కూడా పోలేదు.